పట్టపగలు గుడ్లగూబ కోడిపిల్లల్ని ఎత్తుకుపోతుందా?

విభాగం: పెరటి కోళ్ళు › శత్రువులు, కాపలా

గుట్టకింద_కోళ్ళు · జనవరి 4, రాత్రి 9:10

అందరికీ నమస్తే. మాది దేవరకొండ వైపు ఒక ఊరు. ఇంటి వెనక ఎకరం జాగా, దాన్ని ఆనుకునే రాళ్ళగుట్ట. నాటుకోళ్ళు పదిహేడు, రాజశ్రీ జాతి పెట్టలు ఆరు ఉన్నాయి. పొద్దున ఆరున్నరకి గూడు తలుపు తీస్తే మళ్ళీ చీకటి పడ్డాకే ఇంటికొస్తాయి. నవంబరు దాకా ఏ గొడవా లేదు.

డిసెంబరు చివర్లో ఒక పెట్ట పొదిగి పదకొండు పిల్లల్ని చేసింది. పది రోజుల్లో ఐదు మాయం. రాత్రిపూట కాదు, పగలే. లెక్క నేనే పెడుతున్నాను: పొద్దున తలుపు తీసినప్పుడు తొమ్మిది, మధ్యాహ్నం నూకలు చల్లేసరికి ఎనిమిది. ఈక లేదు, నెత్తురు లేదు.

నిన్న పదకొండింటికి ఆఫీసు మీటింగులో ఉండగా పెరట్లో ఒకటే గోల. ఓ ఇరవై కాకులు, రెండు పసులపోలిగాళ్ళు చింతచెట్టు మీదపడి అరుస్తున్నాయి. వెళ్ళి చూద్దును కదా, పెద్ద కొమ్మ మొదట్లో బోదెకి ఆనుకుని ఇంత లావు గుడ్లగూబ! నన్ను చూసి కూడా కదల్లేదు. దానికి ఇరవై అడుగుల దూరంలో నా కోళ్ళు మేస్తున్నాయి.

దొంగ దొరికిందని అమ్మ తేల్చేసింది. పక్కింటాయన ఇంకో అడుగు ముందుకేసి, అది ఇంటి దగ్గర వాలడమే కీడు, శాంతి చేయించమన్నాడు. కీడు గురించి నాకేం పట్టింపు లేదు గానీ మిగిలిన ఆరు పిల్లల గురించే టెన్షన్. గుడ్లగూబ పగలు వేటాడుతుందా? మీలో ఎవరైనా కళ్ళారా చూశారా?

చెరువుగట్టు77 · జనవరి 4, రాత్రి 9:31

గుడ్లగూబకి పగలు కళ్ళు కనపడవు బ్రో. వేరే ఏదో అయ్యుంటుంది. కుక్కల్ని చూడు ముందు.

దుర్భిణి · జనవరి 4, రాత్రి 10:05

కనపడవన్నది తప్పండి. ఎండలో దాని కంటిపాప బాగా ముడుచుకుంటుంది, రెప్పలు సగం వాలుస్తుంది, అందుకని మనకి నిద్రమొహంలా కనపడుతుంది. చూపు మాత్రం నిక్షేపంగా ఉంటుంది. పదిహేనేళ్ళుగా పిట్టల్ని చూస్తూ తిరుగుతున్నాను. పగలు చెట్టు తొర్రలో ఉన్న పైడికంటి (చిన్న గుడ్లగూబ) దగ్గరికి వెళ్ళి చూడండి, మీరు ఎటు జరిగితే అటే తల తిప్పుతుంది.

పగలు అది దాక్కునేది మీరు విన్న ఆ గోలకి భయపడి. బయటపడిందా, కాకులూ పోలిగాళ్ళూ పొడిచి పొడిచి తరుముతాయి. కాకికీ గూబకీ పగ అని మన కథల్లో ఊరికే చెప్పలేదు. రాత్రి అది కాకుల మీద పడుతుంది, పగలు ఇవి లెక్క తీర్చుకుంటాయి.

మీ పోస్టులో నాకు తట్టిన తిరకాసు ఒకటి చెప్తాను. గుడ్లగూబ మీ కంట పడింది కాకులు చూపించబట్టి. పిల్లల్ని ఎత్తుకెళ్ళినదాన్ని మాత్రం మీకు ఎవరూ చూపించలేదు.

అది కాకి కన్నా పెద్దదా చిన్నదా? తలమీద కొమ్ముల్లా నిక్కిన ఈకలు ఉన్నాయా? కళ్ళు ఏ రంగు? ఇవి చెప్పండి.

తాటాకు_గూడు · జనవరి 5, ఉదయం 5:48

బాబూ, మాది అమలాపురం దగ్గర. నా పెళ్ళయి వచ్చిన నాటి నుంచి, అంటే నలభై ఏళ్ళ పైమాటే, ఈ పెరట్లో కోళ్ళు లేని రోజు లేదు. పిల్ల పోతే ముందు తల్లిని అడగాలి. నవ్వకు, నిజం చెప్తున్నాను.

ఆకాశం నుంచి వచ్చేదాన్ని చూస్తే పెట్టగానీ పుంజుగానీ ఒకే ఒక్క కూత సాగదీసి కూస్తుంది, సన్నగా. అంతే, పిల్లలన్నీ ఎక్కడివక్కడ చెట్టుకిందో కంపకిందో నక్కేస్తాయి, ఆ తర్వాత చప్పుడే ఉండదు. అదే పిల్లిగానీ ముంగిసగానీ కుక్కగానీ నేలమీద వచ్చిందనుకో, మెడ నిక్కించి కొక్ కొక్ కొక్ మని ఆపకుండా అరుస్తుంది, ఊరంతా వినపడేలా. పామైతే ఇంకో రకం, దూరంగా నిలబడి గుండ్రంగా తిరుగుతూ గొణుగుతుంది. మీ ఇంట్లో ఎవరో ఒకరికి ఆ కూత వినపడే ఉంటుంది. ఏ కూత విన్నారో కనుక్కో.

ఇక ఎత్తుకుపోయేవాళ్ళ సంగతి. గద్ద బాహాటంగా పైన తిరిగి తిరిగి దిగుతుంది, తల్లికి ముందే తెలిసిపోతుంది. గద్దకి దొరికేది ఏమరుపాటున ఉన్న పిల్లే. డేగ అలా కాదు. చెట్టులో మాటు వేసి కూర్చుంటుంది, మూరెడు ఎత్తున రివ్వున వచ్చి తన్నుకుపోతుంది. కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది. కాకి వారం లోపు పిల్లల్నే పడుతుంది, అదీ వెనకబడినదాన్ని. జెముడుకాకి కూడా తక్కువదేం కాదు, ఎర్ర రెక్కలేసుకుని పొదల్లో పెద్దమనిషిలా నడుస్తుంది గానీ పిల్ల కనపడితే వదలదు.

మా పెరట్లో గుడ్లగూబ పిల్లని తీసుకుపోవడం నేనైతే ఎప్పుడూ చూడలేదు. కొబ్బరి చెట్ల మీద తెల్లమొహంవి ఉంటాయి, ఎలుకల కోసం వస్తాయి.

గుట్టకింద_కోళ్ళు · జనవరి 5, ఉదయం 9:20

@తాటాకు_గూడు అమ్మగారూ, నమస్కారం. నేను పనిలో ఉన్నంతసేపూ చెవుల్లో హెడ్‌ఫోన్స్ ఉంటాయి, కాబట్టి నేను సాక్షిగా పనికిరాను. అమ్మని అడిగితే, "కీఁ... అని ఒక్కసారి కూసి ఊరుకుంటున్నయి, అందుకే పట్టించుకోలె" అంది. మీరు చెప్పిన మొదటి కూతే!

@దుర్భిణి గారూ, కాకి దాని పక్కన చిన్నపిల్లలా ఉంది. కూర్చున్నప్పుడు మా రాజశ్రీ పెట్టంత ఉంటుంది. రెండు కొమ్ములు ఉన్నాయి. కళ్ళు పండు నారింజ రంగు. ఒళ్ళంతా గోధుమరంగు మీద నల్లచారలు.

దుర్భిణి · జనవరి 5, ఉదయం 10:02

అయితే మీ అతిథి గొప్పదే. ఇండియన్ ఈగిల్ ఔల్. పేరుకు తగ్గట్టే పెద్దది, అడుగున్నర దాటి పొడవు, బరువు కిలో పైనే. రాళ్ళగుట్టలు, వాగుల ఎత్తుగట్లు, పొలాల అంచులు దాని చోట్లు. మీ నల్లగొండ బండలు దానికి సొంతిల్లు లాంటివి. ఎలుకలు, పందికొక్కులు ఎక్కువగా తింటుంది. కుందేలు, కౌజు, పావురం దొరికినా వదలదు.

అంటే పెద్ద పెట్టని పట్టే సత్తా ఉందా అంటే ఉంది. వేళ మాత్రం సాధారణంగా మునిమాపు. పొద్దు వాలాక బండ కొసకొచ్చి కూర్చుని గంభీరంగా ఒక కూత వేసి బయల్దేరుతుంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా దాని గుడ్లూ పిల్లల కాలం. గూడు కట్టదు, బండ అరుగు మీద మట్టిలోనే గుడ్లు పెడుతుంది. పిల్లలు ఉన్నప్పుడు వేళలు కొంచెం అటూ ఇటూ జరగొచ్చు. అందుకే "అది కానే కాదు" అని నేను సంతకం పెట్టను. కానీ పదకొండు గంటల ఎండలో, నలభై యాభై గ్రాముల పిల్ల కోసం, ఇరవై కాకుల ముందు? నా అనుమానం అటు పోవడం లేదు. మీకు కావలసిన దొంగ దానికన్నా బాగా చిన్నది అనిపిస్తోంది.

దయచేసి గుట్ట ఎక్కి దాని గూడు వెతక్కండి. నేలమీద గుడ్లు కదా, మనిషి కదిలిస్తే వదిలేసి పోవచ్చు.

నైట్‌డ్యూటీ · జనవరి 5, మధ్యాహ్నం 1:15

నేనెక్కడో చదివాను. నల్లకళ్ళ గుడ్లగూబ రాత్రి వేటాడుతుంది, నారింజ కళ్ళది సంధ్యవేళ, పచ్చకళ్ళది పగలు. మీది నారింజ కాబట్టి సాయంత్రం బ్యాచ్. కేసు క్లోజ్.

దుర్భిణి · జనవరి 5, మధ్యాహ్నం 1:40

ఆ సూత్రం వినడానికి బాగుంటుంది గానీ పరీక్షకి నిలబడదండి. మన చెరువుల దగ్గర ఉండే చేపల గుడ్లగూబకి పచ్చకళ్ళే, అది వేటాడేది ఎక్కువగా చీకటిపడ్డాకే. తాటాకు_గూడు గారు చెప్పిన తెల్లమొహందానికి నల్లకళ్ళు, దాని దగ్గరి చుట్టం ఇంగ్లండులో చలికాలం మధ్యాహ్నాలు పొలాల మీద తిరగడం మామూలే. నిజంగా పగలు వేటాడే గుడ్లగూబ కావాలంటే చలికాలంలో మన గడ్డిభూములకి వలస వచ్చే పొట్టిచెవుల గుడ్లగూబ ఉంది. అదేమో గడ్డిలో ఎలుకల కోసం వస్తుంది, మీ పెరటికి రాదు.

బరిలో_పర్ల · జనవరి 5, రాత్రి 8:55

భీమవరం నుంచి. పోయినేడు మా తమ్ముడు ఏడుస్తూ ఫోన్ చేశాడు, "అన్నా, డేగని డేగ ఎత్తుకుపోయింది" అని. నాకు అర్థం కావడానికి రెండు నిమిషాలు పట్టింది. ఎర్రపుంజుని మేం డేగ అంటాం, కోళ్ళు పెంచేవాళ్ళకి తెలుసు. దాని పిల్లని, నెల రోజులది, జాలెడేగ తన్నుకుపోయింది. మామిడి చెట్టు గుబురులో కూర్చుని రోజూ ఒకే టైముకి వచ్చేది.

అన్నా, నీ దొంగ అదే. ఇంత చిన్న పిట్ట, పావురం కన్నా చిన్నది, బూడిదరంగు వీపు. జనం దాన్ని చూసి కోయిల జాతి పిట్ట అనుకుని వదిలేస్తారు. ఎగిరే తీరు కూడా అలాగే ఉంటుంది.

ఇంకోమాట. నాటుపెట్టకి ఉన్న తెలివి ఫారం జాతులకి ఉండదు. అసీల్ (పందెం జాతి) తల్లి అయితే డేగ మీదకి ఎగిరి తంతుంది. నేను చూశాను.

తాటాకు_గూడు · జనవరి 6, ఉదయం 5:30

అది నిజం. మా దగ్గర ఒక నల్లపెట్ట ఉండేది, గద్దని కాలితో పట్టుకుని నేలకి కొట్టింది. ఆ పెట్టని పదకొండేళ్ళు ఉంచుకున్నాం. కోసే మాట ఎవరూ ఎత్తలేదు.

డాలస్_పెరడు · జనవరి 6, ఉదయం 8:12

అమెరికా నుంచి రాస్తున్నాను, డాలస్ దగ్గర. 2025లో ఇక్కడ గుడ్ల ధర మండిపోయినప్పుడు నాలుగు పెట్టలు తెచ్చాం. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది, కోళ్ళ ఇంటికైన ఖర్చుతో పదేళ్ళ గుడ్లు కొనొచ్చని.

మీ ప్రశ్నకి నాది వేరే జవాబు. నేను కళ్ళారా చూశాను. ఇక్కడి గ్రేట్ హార్న్‌డ్ ఔల్ మీ కొమ్ములదానికి దగ్గరి చుట్టమే, రెండూ బ్యూబో అనే ఒకే ప్రజాతివి. జనవరిలో, మంచు కమ్ముకున్న రోజు, ఉదయం ఏడున్నర దాటింది. కాఫీ కప్పుతో కిటికీ దగ్గర ఉన్నాను. చప్పుడు లేదు. ఆ రెక్కల అంచు ఈకలు దువ్వెన పళ్ళలా ఉంటాయట, గాలి చప్పుడు చేయదు. ఒక పెట్ట మీద దిగింది. పెట్ట మూడు కిలోల పైన ఉంటుంది, ఎత్తుకుపోలేకపోయింది. నేను తలుపు తీసి పరిగెత్తేసరికి తల, మెడ లేవు, మిగిలినదంతా అలాగే ఉంది. తర్వాత తెలిసింది, బరువు మోయలేనప్పుడు తలా మెడా తినేసి పోవడం దానికి అలవాటని. ఆ నెలల్లో దానికీ గుడ్ల కాలమే.

కాబట్టి "పగలు చెయ్యదు" అనే మాటని నేను ఒప్పుకోను. మబ్బు, మంచు, ఆకలి, గూట్లో పిల్లలు. ఇవన్నీ కలిస్తే దానికి గడియారం ఉండదు.

దుర్భిణి · జనవరి 6, ఉదయం 9:03

నేను కూడా చెయ్యదని అనలేదండి. మీ కేసులో రుజువు మీ కళ్ళముందే ఉంది. గుట్టకింద గారి కేసులో రుజువు ఒక చెట్టుకొమ్మ మీద కూర్చోవడం మాత్రమే. కూర్చోవడం నేరమైతే మనందరం జైల్లో ఉండాలి.

ఒక్కటే_మందు · జనవరి 6, సాయంత్రం 6:20

ఇంత చర్చ ఎందుకు? చచ్చిన కోడికి గుళికల మందు పూసి చెట్టుకింద పెట్టు. లేదా గులేరు పట్టుకుని రెండు రాళ్ళు. డేగైనా గూబైనా తెల్లారేసరికి సమస్య ఉండదు.

నిర్వాహకులు · జనవరి 6, సాయంత్రం 6:41

పై సలహా ఎవరూ పాటించకండి. గుడ్లగూబ, డేగ, గద్ద అన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నవే. చంపినా పట్టినా అమ్మినా జైలు ఉంటుంది. చట్టం పక్కన పెట్టినా, మందు పూసిన కోడిని మొదట తినేది మీ వీధి కుక్క, తర్వాత మీ పిల్లి. మీ కోళ్ళే పొడిచినా పొడుస్తాయి. దీపావళి అమావాస్య ముందు గుడ్లగూబల్ని పట్టి క్షుద్రపూజలకి అమ్మే దందా ఎలాగూ ఉంది, మనం ఇంకో చెయ్యి వెయ్యక్కర్లేదు. విషం గురించి ఇంకో పోస్టు వస్తే ఖాతా ఆపేస్తాం.

పశువుల_కాంపౌండ్ · జనవరి 6, రాత్రి 9:50

పశువైద్యంలో పనిచేస్తాను. అందరూ దొంగనే వెతుకుతున్నారు గానీ పిల్లల ఆరోగ్యం ఒక్కరూ అడగలేదు. చలికాలం, పది రోజుల పిల్లలు. రెక్కలు వేలాడేసి మందగా నిలబడుతున్నాయా? రెట్టలో నెత్తురు చారలు ఉన్నాయా? కొక్కెర తెగులు టీకా, మొదటి వారంలో కంట్లో వేసే చుక్క, వేశారా?

ఎందుకంటే నీరసపడిన పిల్ల వెనకబడుతుంది, వెనకబడింది పోతుంది. ఒక్కోసారి అది చచ్చి పడ్డాక కాకి తీసుకుపోతుంది, మనమేమో కాకి చంపిందంటాం. పట్టుకుపోవడం వేరు, పడినదాన్ని ఏరుకుపోవడం వేరు.

గుట్టకింద_కోళ్ళు · జనవరి 7, ఉదయం 7:05

టీకా వేయించాను సార్. పిల్లలు హుషారుగానే ఉన్నాయి. కానీ డిసెంబరులో పెద్ద కోళ్ళు రెండు చనిపోయాయి, మెడ తిరిగిపోయి. ఆ పెట్టలు పక్క ఊరి సంత నుంచి తెచ్చినవి. అవి చచ్చింది నేను ఊళ్ళో లేనప్పుడు.

ఇవాళ పాత ఫోన్ ఒకటి పిడకల గూడు మీద కట్టాను, చార్జర్ తీగ లాగి. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం దాకా రికార్డు అవుతుంది. చూద్దాం.

గుట్టకింద_కోళ్ళు · జనవరి 11, రాత్రి 10:30

నాలుగు రోజుల వీడియో, సగం సగం వేగంగా తిప్పి చూశాను. కళ్ళు పోయాయి గానీ దొంగ దొరికాడు.

జనవరి 9, ఉదయం 9:42. పిల్లలు తల్లితో కంచె పక్కన ఆముదం మొక్కల దగ్గర ఉన్నాయి. తల్లి తల పక్కకి వాల్చి ఒంటికన్నుతో పైకి చూసింది. అమ్మ చెప్పిన ఆ కూత. తర్వాత ఫ్రేములో ఎడమవైపు నుంచి ఏదో బూడిదరంగు గీత. మళ్ళీ ఏమీ లేదు. నెమ్మదిగా తిప్పితే తప్ప అది పిట్ట అని తెలియలేదు. పిల్ల కాళ్ళ కింద వేలాడుతోంది. మొత్తం రెండు సెకన్లు కూడా లేదు. @బరిలో_పర్ల అన్నా, నువ్వు గెలిచావు.

అదే రోజు మధ్యాహ్నం కంచె కింద నుంచి ఒక జెర్రిపోతు కూడా వచ్చింది, కానీ తల్లి చుట్టూ తిరిగి గొణిగి గొణిగి పంపేసింది. అమలాపురం అమ్మగారు చెప్పినట్టే, అచ్చంగా అలాగే!

ఇంకో విషయం. ఆ నాలుగు రోజుల్లో రెండు రోజులు గుడ్లగూబ అదే కొమ్మ మీద ఉంది, పొద్దున నుంచి సాయంత్రం ఆరు దాకా. కింద కోళ్ళు, పైన అది. ఒక్కసారి కూడా దిగలేదు. జనవరి 10న కాకులు మళ్ళీ పట్టుకుంటే లేచి గుట్టవైపు పోయింది.

పిల్లలు ఐదు మిగిలాయి. ఇప్పుడేం చెయ్యాలి?

తాటాకు_గూడు · జనవరి 12, ఉదయం 5:40

నెల దాటేదాకా గంప కింద మూత పెట్టు. పెద్ద గంప, వెదురుది, సందులు ఉండాలి, పైన రాయి. తల్లిని బయట వదిలినా దూరం పోదు. ఎండకి గంప మీద తడిపిన గోనె. రోజూ గంప జరుపుతూ ఉండు, కింద నేల మురిగితే రోగం.

బయట వదిలే చోట ముళ్ళకంప రెండు మూడు కుప్పలు వెయ్యి. బోసి నేల మీద పిల్లకి దిక్కుండదు. కంప ఉంటే తల్లి కూసిన క్షణంలో దూరిపోతాయి. కంది, ఆముదం, కరివేపాకు, ఏదైనా గుబురుగా పెరిగేది.

బరిలో_పర్ల · జనవరి 12, ఉదయం 8:10

పైన వల కట్టు అన్నా. చేపల వల పాతది అయినా చాలు. వెడల్పు కన్నుది వద్దు, డేగ దూరి ఇరుక్కుంటుంది, దాన్ని విడిపించడం నరకం. నా వేలికి ఇంకా మచ్చ ఉంది.

సీడీలు వేలాడదీయడం నాలుగు రోజుల ముచ్చట. ఐదో రోజు డేగ వాటి పక్కనే కూర్చుని మెరుపు చూస్తుంది.

నైట్‌డ్యూటీ · జనవరి 12, ఉదయం 11:25

మా అమ్మమ్మ పిల్లలకి గులాబీ రంగు పూసేది, గద్ద భయపడుతుందని. పనిచేసేదా అంటే తెలీదు. మాకు మాత్రం గడ్డిలో పిల్లలు తొందరగా కనపడేవి. గద్దకి కూడా అంతేనేమో, ఇప్పుడు ఆలోచిస్తే.

పశువుల_కాంపౌండ్ · జనవరి 12, రాత్రి 9:15

అందుకే వనరాజా, గ్రామప్రియ లాంటి పెరటి జాతుల్ని రంగు ఈకలతో చేశారు. తెల్లకోడి పెరట్లో దూరానికే కొట్టొచ్చినట్టు కనపడుతుంది. రాజశ్రీ కూడా రంగుదే.

గుట్టకింద_కోళ్ళు · జనవరి 29, రాత్రి 8:45

మళ్ళీ నేనే. ఈసారి కథ అడ్డం తిరిగింది.

గంప, కంప, వల అన్నీ అయ్యాయి. పిల్లలు నాలుగు ఉన్నాయి (ఒకటి నీళ్ళ తొట్టిలో పడి పోయింది, అది పూర్తిగా నా తప్పు). డేగ ఇంకా వస్తోంది, ఏమీ దొరక్క పోతోంది.

మొన్న సాయంత్రం మబ్బు పట్టింది. ఐదున్నర దాటింది. కోళ్ళు గూటివైపు వస్తున్నాయి. ఒక కోడి, ఐదు నెలల పెట్ట, కిలో లోపు ఉంటుంది, గుట్టకింద పెంటకుప్ప దగ్గర వెనకబడింది. అది రాలేదు. కెమెరా అటు లేదు. వెలుతురు ఉండగానే వెళ్ళి చూస్తే కుప్ప పక్కన రెండు గుప్పెళ్ళ ఈకలు. నక్క అడుగులు, కుక్క అడుగులు ఏమీ కనపడలేదు. అరుపు కూడా వినపడలేదు, ఈసారి హెడ్‌ఫోన్స్ లేవు.

అమ్మ నా వైపు చూసిన చూపు మీకు చెప్పలేను.

దుర్భిణి · జనవరి 29, రాత్రి 9:20

వేళ సరిపోయింది, చోటు సరిపోయింది, బరువు సరిపోయింది. ఈసారి నేను దానికి వకాల్తా పుచ్చుకోను. అడవిపిల్లి కూడా అదే వేళకి తిరుగుతుంది, అదొక్కటి మనసులో పెట్టుకోండి.

తెలుసుకోవడానికి ఒక దారి ఉంది. గుడ్లగూబ బొచ్చునీ ఎముకల్నీ అరిగించుకోలేదు, ఉండలుగా చుట్టి కక్కేస్తుంది. డేగ కూడా కక్కుతుంది గానీ దాని కడుపులో ఎముకలు చాలావరకు కరిగిపోతాయి. గుడ్లగూబ ఉండలో పుర్రెలు పుర్రెల్లాగే ఉంటాయి. మీ చింతచెట్టు కింద వెతకండి. గుట్ట మీదకి వెళ్ళొద్దు, మళ్ళీ చెప్తున్నాను. దొరికితే చేతికి కవరు వేసుకుని, నీళ్ళలో నానబెట్టి పుల్లతో విడదీయండి.

గుట్టకింద_కోళ్ళు · ఫిబ్రవరి 2, సాయంత్రం 4:10

చింతచెట్టు కింద పదకొండు ఉండలు దొరికాయి. పెద్దవి బొటనవేలు కన్నా లావు. అరుగు మీద పాత పళ్ళెంలో నానబెట్టి కూర్చున్నాను. అమ్మ ఆ పళ్ళెం ఇక ఇంట్లోకి రావొద్దంది.

లెక్క: ఎలుక, పందికొక్కు దవడలు పందొమ్మిది, ముందుపళ్ళు నారింజరంగులో ఉంటాయి కాబట్టి గుర్తుపట్టడం తేలిక. పేడపురుగుల రెక్కలు బోలెడు. ఏదో పిట్ట పుర్రె ఒకటి, ముక్కు చూస్తే పావురం జాతి అనిపించింది. తొండ దవడ.

పదో ఉండలో కోడి కాలిగోళ్ళు. వాటితోపాటు ఎర్ర ప్లాస్టిక్ రింగు, నేను కోళ్ళ కాళ్ళకి వేసేది.

డాలస్_పెరడు · ఫిబ్రవరి 2, సాయంత్రం 5:02

చెప్పానా!

దుర్భిణి · ఫిబ్రవరి 2, సాయంత్రం 5:30

దండం పెడుతున్నాను, ఈ ఫోటో నాకు కావాలి. ఒక్క ప్రశ్న: మొన్న పోయిన పెట్టకి ఎర్ర రింగేనా?

గుట్టకింద_కోళ్ళు · ఫిబ్రవరి 2, రాత్రి 9:05

కాదు. దానికి నీలం.

ఎర్ర రింగులు వేసింది సంతలో కొన్న పెట్టలకి. రెండింటికే. రెండూ డిసెంబరులో మెడ తిరిగి చచ్చిపోయాయి. ఏం చేశావమ్మా వాటిని అని అడిగితే, "గుట్టకు ఇసిరేసిన, ఇంకేం జేస్త" అంది.

పశువుల_కాంపౌండ్ · ఫిబ్రవరి 2, రాత్రి 9:22

అయ్యా, రోగంతో చచ్చినదాన్ని అలా విసరకూడదు. కుక్కలు, కాకులు ఊరంతా మోసుకెళ్తాయి. లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. ఇది మాత్రం గూబ కోసం కాదు, మీ కోళ్ళ కోసం.

దుర్భిణి · ఫిబ్రవరి 2, రాత్రి 9:40

ఈగిల్ ఔళ్ళు చచ్చినదాన్ని కూడా అప్పుడప్పుడు తింటాయి. అంటే ఆ రింగు వేటకి రుజువు కాదు. మొన్నటి పెట్టని పట్టలేదనడానికీ రుజువు కాదు. గుట్టకింద కోడిమాంసం దొరుకుతుందని దానికి నేర్పింది మాత్రం మీ ఇంటివాళ్ళేనేమో.

బరిలో_పర్ల · ఫిబ్రవరి 2, రాత్రి 10:15

ఇదీ తీర్పు అంటే. దొంగకి దారి చూపింది ఇంటావిడే! అన్నా, ఈ మాట మీ అమ్మకి చదివి వినిపించకు.

గుట్టకింద_కోళ్ళు · ఫిబ్రవరి 3, ఉదయం 7:30

వినిపించాను. తప్పు చేశాను. ఇవాళ టిఫిన్ లేదు.

పెంటకుప్ప ఇంటివైపుకి మార్పిస్తున్నాను, కోళ్ళు సాయంత్రం అటు పోకుండా. గూటి తలుపు ఇక ఐదింటికే. నీలం రింగు కోసం చెట్టుకింద వారానికోసారి చూస్తాను, దొరికితే ఇక్కడే పెడతాను.

తాటాకు_గూడు · ఫిబ్రవరి 3, ఉదయం 8:05

అమ్మని ఏమీ అనకు బాబూ, మేమంతా విసిరినవాళ్ళమే. ఆ నాలుగు పిల్లలూ ఎలా ఉన్నాయి?

గుట్టకింద_కోళ్ళు · ఫిబ్రవరి 3, ఉదయం 8:20

నాలుగూ బాగున్నాయమ్మగారూ, రెక్కలు వచ్చేశాయి, గంపలో పట్టడం లేదు. ఇంకో పెట్ట మొన్న పొదుగుకి కూర్చుంది. పదమూడు గుడ్లు పెట్టాను.